చక్రం పెద్దదైతే చాలునా?



కిందటి నెలలో ఒక సాయంకాలం మా ఇంటి ముందు ఒక పికప్పు బండి వచ్చి ఆగింది. దిగినవాడు నా దగ్గర పదో తరగతి దాకా తెలుగు చదువుకున్న పిల్లవాడు. ఇప్పుడు పిల్లవాడేమీ కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. బండి వెనుక ట్రాలీ తగిలించి నాపరాళ్ళు, ఎరువుల బస్తాలు, పెళ్ళిళ్ళ సామాను బాడుగకు తోలుకుంటాడు. వాడి ముఖంలో ఆనాడు వెలుగు ఎక్కువగా ఉంది.

"సార్, చక్రాలు మార్చినా, చూడండి. లారీ మాదిరి పెద్దవి ఏయించినా. ఇంగ ట్రాలీకి ఎంతేసినా లాగుతాది" అన్నాడు.

లేచి వెళ్ళి చూశాను. నిజమే, బండి ఒక జానెడు లేచి నిలుచుంది. గట్టి అంచులు, లోతైన గాళ్ళు ఉన్న టైర్లు. మెచ్చుకోవాలని వచ్చినవాణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక "బాగుంది నాయనా" అన్నాను. ఆ తరువాత అప్రయత్నంగా నోట వచ్చిన మాట ఇది: "ట్రాలీకి బ్రేకుందా?"

వాడు నవ్వాడు. "ట్రాలీకి బ్రేకేంది సార్! బండికుంది గదా, సాలదా?"

వాడు వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ మాట యాభై ఏళ్ళ క్రితం మా ఇంట్లో అడగవలసిన మాట. ఆనాడు ఎవరమూ అడగలేదు. ఈ వ్యాసం దాని కథే.

ముందుగా మాటల సంగతి. తెలుగు పండితుణ్ణి గనుక మాటల దగ్గర ఆగకుండా ముందుకు పోలేను, మన్నించాలి. అమరకోశం క్షత్రియవర్గంలో రథాంగాల పేర్లు వరుసగా ఉన్నాయి. చక్రపు అంచు నేమి, నడిమి భాగం నాభి, ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా దిగవేసే మేకు అణి. మన తెలుగులోనూ ఆ సంపదకు లోటు లేదు. ఇరుసు, కాడి, నొగలు, ఆకులు, కడచీల, కందెన. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత కూడా చెప్పుకున్నాం. లాగడానికి పనికివచ్చే ప్రతి ముక్కకూ పేరుంది, మోయడానికి పనికివచ్చే ప్రతి ముక్కకూ పేరుంది. ఆపే సాధనానికి మాత్రం ఆ సంస్కృతపు పట్టికలోనూ పేరు కనబడదు, మా ఊరి బండి భాషలోనూ లేదు. బ్రేకు అనే మాటను మనం ఇంగ్లీషు నుండి తెచ్చుకుని అలాగే వాడుకుంటున్నాం. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని చక్రాన్ని గురించి మనం ఎన్నడూ దేన్ని ఆలోచించామో, దేన్ని ఆలోచించలేదో ఈ ఒక్క లోటు చెబుతుంది.

ఇక చరిత్ర.

మా గడివేముల ఒకప్పటి కర్నూలు జిల్లాలోది. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలోది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేటి పరీవాహకంలో నల్లరేగడి భూములు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే ఆ నేల, వాన పడితే కాలు పట్టుకుని వదలని బంకమన్ను. అటువంటి నేల మీద నడిచే బండికి చక్రం ఎత్తుగా ఉండక తప్పదు. మా జేజి కాలం నాటి బండి చక్రం మనిషి రొమ్ముదాకా వచ్చేది. చక్రం పెద్దదైనకొద్దీ గుంతలో దిగినా సులువుగా పైకి లేస్తుంది, గట్టు అడ్డమొస్తే దాని మీదుగా పొర్లుతుంది. ఈ సూత్రం మా వడ్రంగులు ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. నేలే నేర్పింది.

చక్రానికి పట్టా వేయడం మా చిన్నతనంలో చూడదగిన వేడుక. ఇనుప కడియాన్ని చక్రం కన్నా కాస్త చిన్నదిగా కొలిచి అతికేవారు. నేల మీద దాన్ని పరచి చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెట్టేవారు. కడియం ఎర్రగా కాగి వ్యాకోచించినప్పుడు ముగ్గురు నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించేవారు. కొయ్య భగ్గుమని మండబోతుండగా కడవలతో నీళ్ళు కుమ్మరించేవారు. ఇనుము బిగుసుకుని, ఆకులన్నీ కిర్రుమని నాభిలోకి దిగి, చక్రం ఒక్క ముద్ద అయ్యేది. భౌతికశాస్త్రం చెప్పే మా సహోపాధ్యాయుడు వ్యాకోచ సంకోచాల పాఠానికి పిల్లలను కొలిమి దగ్గరకే తీసుకుపోయేవాడు.

అయితే ఆ పట్టా వెడల్పు రెండంగుళాలకు అటూ ఇటూ. బండి బరువంతా రెండు సన్నని ఇనుప గీతల మీద నేలను తాకేది. మట్టిదారిలో అది గాడి తవ్వేది. కంకర రోడ్డును కోసేది. మోటారు బండ్లు వచ్చిన తరువాత రోడ్డు ఇంజనీర్లకు ఎద్దుబండి మీద ఉన్న పాత ఫిర్యాదు ఇదే.

మరి బండి తప్ప వేరే దారి లేదా అంటే, ఉండవలసింది. కర్నూలు కడప కాలువను, మనం కే.సీ. కెనాల్ అని పిలుచుకునేదాన్ని, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863-70 మధ్య తవ్వించినప్పుడు అది సేద్యానికి మాత్రమే ఉద్దేశించింది కాదు. సుంకేసుల నుండి కడప దాకా పడవలు నడవాలన్నది సంకల్పం. పడవల రాబడి కంపెనీ ఆశించినట్లు రాలేదు. కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. నీరు పొలాలకు పారింది గాని సరకు మాత్రం చివరకు బండ్ల మీదే సాగింది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. మా సీమలో మొదటి సగమే నిజమైంది. కాలువ పుణ్యమా అని పంట పెరిగింది. పెరిగిన పంట నంద్యాల చేరాలంటే బండి మీద బరువు పెరగాలి. బరువు పెరగాలంటే చక్రం మారాలి.

ఆ మారిన చక్రం ఎక్కడో పుట్టింది. గాలి నింపిన రబ్బరు చక్రానికి 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు హక్కుపత్రం పొందాడు. గుర్రపు బగ్గీలకు పనికివస్తుందని ఆయన ఊహ. లోకం పట్టించుకోలేదు. నలభై మూడేళ్ళ తరువాత, 1888లో, బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయ్డ్ డన్లప్ తన కుమారుడి మూడు చక్రాల సైకిలు గతుకుల్లో అదరకుండా ఉండాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. ఆయన హక్కుపత్రం థామ్సన్ పాతది బయటపడ్డాక చెల్లకుండా పోయింది. పేరు మాత్రం మిగిలింది. నన్ను ఆకట్టుకునే విషయం వేరొకటి. డన్లప్ వృత్తి పశువైద్యం. పశువుల నొప్పి తెలిసిన మనిషి చేతిలో ప్రాణం పోసుకున్న చక్రం అర్ధశతాబ్దం తిరిగి మన ఎద్దుల వెనక్కి వచ్చి చేరింది.

ఆ పేరు మీది కంపెనీ 1936లో బెంగాలులో, హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. ఉత్తరాదిన కొన్నిచోట్ల డన్లప్ అన్నమాటే రబ్బరు చక్రాల బండికి పేరైపోయింది. మద్రాసులో 1946లో ఆటబెలూన్లు చేయడంతో మొదలైన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ 1960ల ఆరంభానికి టైర్ల తయారీలోకి వచ్చింది. లారీలు పెరిగినకొద్దీ అరిగిన లారీ టైర్లు, పాత మోటారు బండ్ల ఇరుసులు సంతలో దొరకసాగాయి. వాటి మీద నాలుగు పలకలు బిగిస్తే టైరుబండి. మీరు గమనించాలి, టైరుబండి చక్రం కొయ్యచక్రం కన్నా ఎత్తులో చిన్నది. ఎత్తు తగ్గి కూడా అది పెద్ద బరువును మోసింది. వెడల్పైన రబ్బరు నేలను కోయదు, బేరింగుల మీద ఇరుసు ఒరుసుకోకుండా తిరుగుతుంది. కందెన సంగీతం ఆగిపోయింది. దానితోపాటు మా ఊళ్ళో కొలిమి ముందరి పిడకల మంట కూడా ఆరిపోయింది. పట్టా వేసే వడ్రంగి, కమ్మరి ఒక పక్కకు జరిగారు. పంక్చరు వేసేవాడు వచ్చి రోడ్డు పక్కన కూర్చున్నాడు.

మా ఇంటికి టైరుబండి వచ్చింది 1973లో. నాకప్పుడు పదమూడేళ్ళు. కొయ్యబండి మీద మా నాయన పది పన్నెండు వడ్లబస్తాలకు మించి వేసేవాడు కాదు. టైరుబండి మీద ఇరవై వేశాడు. ఎద్దులు అవే, దారి అదే. రాత్రి భోజనాలయ్యాక కట్టిన బండి తెల్లవారకముందే నంద్యాల చేరింది. రెండు ట్రిప్పుల పని ఒక్కసారికి తెమిలింది. మా నాయన ఇంటికొచ్చి మా అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "ఎద్దులకు బరువే తెలుస్తలేదు."

అందులో అబద్ధం లేదు. చదునైన దారిలో నిజంగానే తెలియలేదు.

ఆ వేసవిలో ఇంటికి పునాది వేయాలని గని గట్టు దిక్కు నుండి కట్టుడు రాయి తోలడం మొదలుపెట్టాం. గని అన్న ఊరి పేరే అక్కడి పాత రాగి గనుల వల్ల వచ్చిందని పెద్దలు చెబుతారు. ఎర్రమల అంచు అది. అక్కడి నుండి వచ్చేటప్పుడు దారి దిగుడుగా ఉంటుంది. కొయ్యబండితో దిగేటప్పుడు మాకొక పద్ధతి ఉండేది. మోకుతో ఒక తుమ్మదుంగను బండి వెనుక కట్టి నేల మీద ఈడ్పించేవాళ్ళం. బండి ఎద్దుల మీదికి తోసుకుపోకుండా అది వెనక్కి పట్టేది. పేరులేని ఆ దుంగే మా బ్రేకు. దాన్ని కట్టడం, విప్పడం నా పని.

దుంగ తీసుకుపోతే ఆ మేరకు చోటు, బరువు తగ్గుతుంది. టైరుబండి వచ్చిన గర్వంలో ఆ రోజు దాన్ని ఇంటి దగ్గరే వదిలేశాను. నాయన చూశాడు. ఏమీ అనలేదు. దాని బదులు మరో నాలుగు రాళ్ళు వేసుకోవచ్చని ఆయనకూ తోచి ఉంటుంది.

దిగుడులో బండి దొర్లడం మొదలుపెట్టినప్పుడు చప్పుడు లేదు. నన్ను భయపెట్టింది అదే. కొయ్యబండి అయితే ఇరుసు ఒరుపుతో మూలుగుతూ తన వేగాన్ని తానే కొంత పట్టుకునేది. టైరుబండికి ఆ ఒరుపు లేదు. ఏ గుణం వల్ల అది లాగడానికి సులువో, ఆ గుణం వల్లనే అది ఆపడానికి కష్టం. కాడి ఎద్దుల మెడల మీది నుండి కొమ్ములదాకా జరిగింది. నాయన నొగలు పట్టుకుని వెనక్కి తోశాడు. దాపటెద్దు నాలుగడుగులు కాళ్ళు నిలదొక్కుకుంది. ఐదో అడుగున ముందరి మోకాళ్ళ మీద పడింది. చక్రం దాని కాలి మీదుగా పోయి పక్క కాలువలో దిగి ఆగింది.

ఆ ఎద్దు మళ్ళీ బండి కట్టలేదు. అమ్ముకొమ్మని చుట్టాలు చెప్పారు. నాయన అమ్మలేదు. కొట్టం లోనే కుంటుతూ ఇంకా నాలుగేళ్ళు బతికింది. మేత వేసేటప్పుడు నాయన దాని మెడ నిమిరేవాడు, నా వైపు చూసేవాడు కాదు. దుంగ సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తుకోలేదు. పునాది మాత్రం ఆ రాళ్ళతోనే లేచింది. ఇప్పుడు నేనుంటున్న ఇల్లు అదే.

పెద్దయ్యాక ఒకసారి 1965 నాటి ప్రభుత్వ నియమావళి నా కంటబడింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద బండి లాగే, బరువు మోసే పశువుల కోసం చేసిన నియమాలవి. రెండు చక్రాల బండికి కట్టిన పెద్ద ఎద్దుకు, అంటే 350 కిలోల పైబడినదానికి, మామూలు చక్రమైతే 900 కిలోలు. గాలి టైర్లుంటే 1350 కిలోలు. బాల్ బేరింగులుంటే 1800 కిలోలు. బండి బరువు కూడా ఆ లెక్కలోదే. నిట్టనిలువు ఎక్కుడుదారి ఒక కిలోమీటరు మించితే బరువు సగానికి తగ్గించాలి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా ఎండ 37 డిగ్రీలు దాటే చోట బండి కట్టరాదు. మా నంద్యాల ఎండల్లో ఈ చివరి నియమాన్ని పాటించినవారిని నేను చూడలేదు.

దయతో రాసిన నియమాలే అవి. కాని ఆ అంకెలను మళ్ళీ చూడండి. ఎద్దు అదే, దాని మెడ అదే. చక్రం మారితే బరువు రెట్టింపు! లాగడంలో మిగిలిన సులువునంతా బరువుగా మార్చుకోవచ్చునని చట్టమే ఒప్పుకుంది. ఎక్కుడుకు లెక్క కట్టింది. దిగుడు లెక్కను ఎద్దు మెడకే వదిలింది. బెంగళూరు ఐ.ఐ.ఎం. తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి గారు మన ఎద్దుబండిని శాస్త్రీయంగా సంస్కరించాలని దశాబ్దాల పాటు శ్రమించారు. చక్రం ఒక్కటే కాదు, మెడ మీద కాడి మోపే తీరు కూడా మారాలన్నది ఆయన వాదన. చక్రం సంగతి రైతు విన్నాడు, ఎందుకంటే అందులో రాబడి ఉంది. కాడి సంగతి ఎవరూ వినలేదు, ఎందుకంటే అందులో మిగిలేది ఎద్దుకు.

ఆ తరువాత ట్రాక్టరు వచ్చింది. ట్రాలీకి లారీ చక్రాలే వచ్చాయి. నేటికీ మన వైపు చాలా ట్రాలీలకు సొంత బ్రేకు లేదు. బండి వెనుక దుంగ కూడా లేదు. మా మండలంలోనే బిలకలగూడూరు దగ్గర సిమెంటు కర్మాగారం వచ్చింది. గని, శకునాల భూముల్లో 2017 నాటికి 1000 మెగావాట్ల సౌరవిద్యుత్తు కేంద్రం వెలిసింది. బేతంచెర్ల నాపరాయి సంగతి చెప్పనే అక్కరలేదు. దారులు బాగుపడ్డాయి, బరువులు పెరిగాయి. 2018లో కేంద్రప్రభుత్వం రెండిరుసుల లారీకి అనుమతించే మొత్తం బరువును 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు పెంచింది. అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలో 1958-60 మధ్య రోడ్ల మీద చేసిన పెద్ద పరీక్షలో తేలిన సంగతి ఒకటుంది. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. ఆనాడు ఇనుపపట్టా కోసిందని నిందపడిన ఎద్దుబండి ఈ లెక్క వింటే నవ్వుకుంటుంది.

ఇక మా శిష్యుడి పికప్పు దగ్గరకు వస్తాను. రెండు రోజులు ఆలోచించి, తెలిసిన మెకానిక్కునొకణ్ణి అడిగి, వాడిని పిలిపించి చెప్పాను. చక్రం ఎత్తు పదోవంతు పెరిగితే ఒక్కొక్క చుట్టుకు బండి పదోవంతు ఎక్కువ దూరం పోతుంది. మీటరు 60 చూపుతుంటే నువ్వు నిజంగా 66 మీద ఉంటావు. అదే లెక్కన చక్రం నేలను నెట్టే బలం తగ్గుతుంది, కనుక బరువుతో కదలించేటప్పుడు క్లచ్ నలుగుతుంది. ఆపడానికి బ్రేకు మరింత గట్టిగా పట్టాలి, బ్రేకు మాత్రం పాతదే. టైరు ఎక్కువ మోయగలదు నిజమే. కాని ఇరుసు, కమాను పట్టీలు, బేరింగులు కంపెనీ ఇచ్చినవే. బరువు మోసే గొలుసులో ఒక్క లంకెను లావు చేస్తే గొలుసు బలపడదు. పైగా తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. రేపు ఏదైనా జరిగితే బీమా వాళ్ళు ముందు చూసేది ఆ చక్రాలనే.

వాడు వినయంగా విన్నాడు. బడిలో ఛందస్సు పాఠం విన్నట్లే విన్నాడు.

అప్పుడు దాపటెద్దు సంగతి చెప్పాను. ఈ కథ నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పి ఎరుగను. దుంగ ఎవరు వదిలేసిందీ కూడా చెప్పాను. వాడు చాలాసేపు పలకలేదు. "ఆ పునాది ఇదేనా సార్?" అని అరుగు కింది రాళ్ళను చేత్తో తడిమాడు.

మూడు వారాల తరువాత వాడి బండి మళ్ళీ మా వీధిలో కనబడింది. పాత చక్రాలే ఉన్నాయి. నా ఉపదేశం ఫలించిందని లోలోపల సంతోషించి అడిగితే, వాడు దాపరికం లేకుండా చెప్పాడు. "లేదు సార్. గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ కాలిన వాసనొచ్చింది. డీజిలు ఎక్కువ తాగుతాంది. అందుకే తీసేసినా."

కానివ్వండి. కొమ్ములదాకా జరిగిన కాడి చెప్పని సంగతి కాలిన క్లచ్ చెప్పింది. చక్రం తిరిగి తన కొలతకు వచ్చింది.

ట్రాలీకి మాత్రం ఇంకా బ్రేకు లేదు. నంద్యాలలో పెట్టించుకొస్తానన్నాడు. వాడు వీధిలో కనబడినప్పుడల్లా ఆ ఒక్క మాటే అడుగుతున్నాను. వాడు నవ్వుతున్నాడు, నేను అడుగుతూనే ఉన్నాను. యాభై ఏళ్ళ క్రితం మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఎన్నిసార్లు అడిగినా నాకు విసుగు లేదు.

స్వస్తి.